వరంగల్‌ల ఏసీ సర్వీస్ కి గూగుల్ యాడ్స్: క్లిక్కులు వస్తున్నయ్, పనులు వస్తలేవు, ఏం చెయ్యాలె?

ఓరుగల్లు_కూలింగ్:

అందరికీ నమస్తే. మాది హన్మకొండల ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేర్ షాపు. నాన్న పెట్టిండు, ఇప్పుడు నేను చూసుకుంటున్న. ఇన్నేండ్లు తెలిసినోళ్లు నంబర్ ఇస్తే వచ్చే పనులే మాకు. ఈ ఎండాకాలం గూగుల్ యాడ్స్ పెట్టిద్దామని ఒక ఏజెన్సీకి అప్పజెప్పిన, రోజుకు 800 బడ్జెట్, వాళ్ల ఫీజు వేరే. రిపోర్ట్ మంచిగనే పంపిస్తరు, ఇన్ని ఇంప్రెషన్లు (యాడ్ ఎన్నిసార్లు కనిపించిందో), ఇన్ని క్లిక్కులు, ఆప్టిమైజేషన్ స్కోర్ 98 శాతం అని. కానీ ఫోన్లు ఎట్ల వస్తున్నయంటే, సగం మంది "ఇది కంపెనీ కస్టమర్ కేరేనా, మాది వారంటీల ఉంది ఫ్రీగ చేస్తరా" అని అడుగుతున్నరు, కొందరు కూకట్‌పల్లి నుంచి ఉప్పల్ నుంచి చేస్తున్నరు, ఇంకొందరు పిల్లలు మెకానిక్ పని ఉందా అన్నా అని అడుగుతున్నరు. మనిషిని పంపి పని చేసి పైసలు తీసుకునేవి మాత్రం చాలా తక్కువ.

ఏజెన్సీ వాళ్లేమో బడ్జెట్ 1500 చెయ్యండి, మెషిన్ లర్నింగ్ కి డేటా సరిపోతలేదు అంటున్నరు. నాన్నేమో అంతా బంద్ పెట్టి పాంప్లెట్లు కొట్టిద్దాం అంటుండు. ఇంకోటి, 800 పెట్టినా కొన్ని రోజులు 1400, 1500 దాకా కట్ అయితున్నయ్, ఇది కరెక్టేనా? పెంచాల్నా, ఆపాల్నా, నేనే నేర్చుకొని చేసుకోవాల్నా? తెలిసినోళ్లు కొంచెం చెప్పండి.

బెజవాడ_పీపీసీ:

బ్రదర్, పెంచొద్దు, ఆపొద్దు కూడా, ముందు డబ్బు ఏ మాటల మీద పోయిందో చూడండి. అకౌంట్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అని ఉంటుంది, మీరు యాడ్ కోసం ఎంచుకున్న మాటలు (కీవర్డ్స్) కాదు, జనం నిజంగా టైప్ చేసింది ఏంటో అందులో కనిపిస్తుంది. 2020 నుంచి చాలా తక్కువ మంది వెతికినవి అందులో చూపించట్లేదు కానీ ఉన్నది చాలు, అరగంట కూర్చుని చదివితే మీకే అర్థమైపోతుంది.

నా అనుమానం మీ కీవర్డ్స్ అన్నీ బ్రాడ్ మ్యాచ్‌లో ఉన్నాయని. మాట ఊరికే టైప్ చేసి సేవ్ చేస్తే అది బ్రాడ్ అవుతుంది, అంటే గూగుల్ దానికి సంబంధం ఉందనుకున్న ఏ సెర్చ్‌కైనా మీ యాడ్ చూపిస్తుంది. కోట్స్‌లో పెడితే ఫ్రేజ్ మ్యాచ్ (ఆ మాట అర్థం సెర్చ్‌లో ఉంటేనే యాడ్ వస్తుంది), స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ (సెర్చ్ అర్థం అచ్చం అదే అయితేనే). మీ బడ్జెట్‌కి, ఒకే ఊరికి, ఫ్రేజ్, ఎగ్జాక్ట్ రెండే పెట్టుకోండి, "ఏసీ రిపేర్ హన్మకొండ", "ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ వరంగల్", "ఏసీ సర్వీస్ నియర్ మీ" ఇలాంటివి. పాత పోస్టుల్లో ప్లస్ గుర్తు పెట్టి బ్రాడ్ మాడిఫైయర్ వాడమని ఉంటుంది, అది 2021లోనే తీసేశారు, దాని జోలికి వెళ్లొద్దు.

హైదరాబాద్ కాల్స్ సంగతి: క్యాంపెయిన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ కింద ఇంకో ఆప్షన్ దాక్కుని ఉంటుంది. మొదట నుంచి అక్కడ ఉండేది "ఆ ఊళ్లో ఉన్నవాళ్లు, లేదా ఆ ఊరి మీద ఆసక్తి చూపించినవాళ్లు" అని. కూకట్‌పల్లిలో ఉంటూ వరంగల్ గురించి ఏదో వెతికిన మనిషికి కూడా మీ యాడ్ వెళ్తుంది. దాన్ని ప్రెజెన్స్ అని మార్చండి, అంటే అక్కడ ఉన్నవాళ్లకి, తరచూ ఉండేవాళ్లకి మాత్రమే. అలాగే నెట్‌వర్క్స్ దగ్గర డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ రెండూ టిక్ పెట్టి ఉంటే తీసేయండి, ఏసీ పాడై వెతుకుతున్న మనిషి మీకు కావాలి గానీ ఏదో వెబ్‌సైట్ చదువుకుంటూ బ్యానర్ నొక్కినవాళ్లు కాదు కదా.

రోజుకి 1500 కట్ అవ్వడం మోసం కాదండి, వాళ్ల రూలే అది. మీరు పెట్టింది సగటు రోజు బడ్జెట్, సెర్చ్‌లు ఎక్కువున్న రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు పెట్టొచ్చు, కానీ నెల మొత్తానికి 30.4 రెట్లు దాటి బిల్లు వెయ్యరు. 800 అంటే నెలకి 24,320, దాని మీద 18 శాతం జీఎస్టీ.

నెగెటివ్ కీవర్డ్స్, అంటే ఏ మాటలు ఉంటే యాడ్ రావొద్దో ఆ లిస్ట్, ఈ రోజే పెట్టేయండి: జాబ్స్, జీతం, కోర్స్, ట్రైనింగ్, సెకండ్ హ్యాండ్, రెంట్, కస్టమర్ కేర్, టోల్ ఫ్రీ, వారంటీ, ఇంకా కంపెనీల పేర్లు అన్నీ.

కరీంనగర్_ఇన్వర్టర్:

నాది ఇన్వర్టర్, బ్యాటరీల షాపు తమ్మీ, టెక్నికల్ ముచ్చట పైన అన్న చెప్పిండు, నేను షాపు కాడ చేసేది చెప్తా. ఫోన్ ఎత్తంగనే "మా నంబర్ ఎక్కడ దొరికింది సార్" అని అడుగు, ఒక నోట్‌బుక్‌ల రాసుకో, గూగుల్ యాడా, మ్యాప్స్‌లనా, తెలిసినోళ్లు చెప్పిన్రా, పని అయ్యిందా, ఎంత వచ్చింది. వాళ్ల రిపోర్ట్‌ల క్లిక్కులే ఉంటయ్, పైసలు నీ నోట్‌బుక్‌లనే ఉంటయ్. రెండు వారాలు రాస్తే ఏజెన్సీతోని మాట్లాడనీకి నీ చేతుల కాయిదం ఉంటది.

ఇంకోటి, ఫోన్ ఎత్తే టైంకే యాడ్ నడిపియ్యి. నేను పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకనే పెట్టిన. రాత్రి 11కు ఏసీ ఆగిపోయినోడు నీకు ఫోన్ చేస్తడు, నువ్వు పండుకున్నవ్, ఆ క్లిక్ పైసలు పాయె, వాడు ఇంకొకనికి చేసుకున్నడు. యాడ్ షెడ్యూల్ పెడితే అయిపోతది.

తెలుగుల వెతికేటోళ్లను మర్వకు. మా దిక్కు పెద్దోళ్లు ఫోన్ల మైక్ నొక్కి "ఏసీ చల్లగ వస్తలేదు", "ఏసీల నుంచి నీళ్లు కారుతున్నయ్" అని మాట్లాడి వెతుకుతరు. గూగుల్ 2018ల తెలుగుల యాడ్స్ ఇచ్చుకోనీకి ఓపెన్ చేసింది, అయినా మన దిక్కు చానా మంది ఇంగ్లిష్‌లనే పెట్టి ఊకుంటరు. లాంగ్వేజ్‌ల ఇంగ్లిష్, తెలుగు, హిందీ మూడు పెట్టు, తెలుగుకు వేరే యాడ్ గ్రూప్ (కీవర్డ్స్, యాడ్స్ కలిపి పెట్టే గుంపు) చేసి యాడ్ గూడ తెలుగుల రాయి. వరంగల్‌ల ఉర్దూ, హిందీ మాట్లాడేటోళ్లు గూడ తక్కువ లేరు.

ఓరుగల్లు_కూలింగ్:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. ఏజెన్సీ వాళ్లను అడిగితే అకౌంట్ యాక్సెస్ ఇయ్యం అన్నరు, అది వాళ్ల అకౌంట్‌లనే ఉందంట. చానా గట్టిగ అడిగితే సెర్చ్ టర్మ్స్ ఎక్సెల్ పంపిన్రు. చూసి తలకాయ తిరిగింది, "హైదరాబాద్ టు వరంగల్ ఏసీ బస్" కి కూడా పైసలు పోయినయ్, "1.5 టన్ ఏసీ ధర", "ఐటీఐ ఏసీ మెకానిక్ కోర్స్", ఇంకా కంపెనీ పేరు పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని బోలెడు. యాడ్ నొక్కితే పోయేది మా వెబ్‌సైట్ హోమ్ పేజీ, దాంట్ల మా ఫోన్ నంబర్ కింద ఎక్కడో ఉంది. ఇప్పుడు నేను కొత్త అకౌంట్ చేసుకోవాల్నా? బిడ్డింగ్, అంటే క్లిక్‌కు రేటు పెట్టే పద్ధతి, ఏది పెట్టాలె? వాళ్లది మాక్సిమైజ్ కన్వర్షన్స్‌ల ఉందంట.

సెర్చ్_మనిషి_హైదరాబాద్:

నేను ఏజెన్సీ వైపు పనిచేస్తాను కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా: అకౌంట్ ఎప్పుడూ వ్యాపారం చేసేవాళ్ల ఈమెయిల్ మీద, వాళ్ల పేమెంట్ ప్రొఫైల్ తోనే ఉండాలి. ఏజెన్సీ తన మేనేజర్ అకౌంట్ (క్లయింట్ల అకౌంట్లన్నీ ఒకే చోట చూసుకునేది) నుంచి లింక్ అడుగుతుంది, మీరు ఒప్పుకుంటే పని చేస్తుంది, విడిపోతే లింక్ తీసేస్తారు, హిస్టరీ అంతా మీ దగ్గరే ఉంటుంది. యాక్సెస్ ఇవ్వం అనేవాళ్లతో పని చేయకండి, ఇందులో బేరం లేదు. కొత్తది ఓపెన్ చేసేటప్పుడు టైమ్ జోన్, కరెన్సీ చూసుకుని పెట్టండి, కరెన్సీ మళ్లీ మార్చుకోలేరు. మొదట్లోనే గూగుల్ మిమ్మల్ని స్మార్ట్ క్యాంపెయిన్ (చాలావరకు అదే నడిపే సులువు రకం) లోకి తోసేస్తుంది, ఎక్స్‌పర్ట్ మోడ్ (సెట్టింగ్స్ మీరే పెట్టుకునేది) కి మారే లింక్ వెతికి అందులోకి వెళ్లండి.

ఆ 98 శాతం స్కోర్ మీ వ్యాపారానికి వచ్చిన మార్కులు కాదండి. గూగుల్ ఇచ్చిన సలహాల్లో ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని కొట్టేశారు అన్నదాని మీద అది కదులుతుంది, సలహా డిస్మిస్ చేసినా స్కోర్ పెరుగుతుంది. ఆ సలహాల్లో బడ్జెట్ పెంచు, బ్రాడ్ మ్యాచ్ పెట్టు అనేవి ఎప్పుడూ ఉంటాయి. ఆటో అప్లై అని ఇంకోటి ఉంది, అది ఆన్‌లో ఉంటే మిమ్మల్ని అడక్కుండా కొన్ని మార్పులు వాటంతట అవే జరిగిపోతాయి, ఆఫ్ చేయండి. ఎవరు ఏం మార్చారో ఛేంజ్ హిస్టరీలో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మాక్సిమైజ్ కన్వర్షన్స్ చెడ్డది కాదు, కానీ అది దేన్ని కన్వర్షన్, అంటే మీకు కావాల్సిన పని జరిగినట్టు, అనుకుంటోంది? చాలా అకౌంట్లలో పేజీ ఓపెన్ అయితేనే కన్వర్షన్ అని పెట్టి ఉంటుంది, లేదా కాల్ బటన్ ఎవరు నొక్కినా ఒకటే లెక్క. వారంటీ వాళ్లు కాల్ చేస్తే కూడా మెషిన్ అది విజయం అనుకుని అలాంటివాళ్లనే ఇంకా తెస్తుంది. బడ్జెట్ 1500 చేస్తే అవే కాల్స్ రెట్టింపు అవుతాయి, అందుకే పెంచొద్దు అంటున్నా. ముందు మాక్సిమైజ్ క్లిక్స్ పెట్టి, క్లిక్‌కి ఇంత దాటొద్దు అని లిమిట్ పెట్టుకోండి. ఆ లిమిట్ ఎంతో మీ లెక్కే చెప్తుంది. ఉదాహరణకి ఒక పని మీద ఖర్చులు పోను మీకు 500 మిగులుతుంది, పది క్లిక్కులకి ఇద్దరు ఫోన్ చేస్తారు, ఇద్దరిలో ఒకరి పని అవుతుంది అనుకోండి. అంటే పది క్లిక్కులకి ఒక పని, క్లిక్‌కి 50 పెడితే మీకు మిగిలేది సున్నా. 25, 30 దగ్గర ఆపితేనే లాభం. కరీంనగర్ అన్న చెప్పిన నోట్‌బుక్ ఇందుకు కావాలి. తర్వాత నికరంగా పనులు వస్తుంటే, ఏ క్లిక్ పని అయ్యిందో తిరిగి గూగుల్‌కి అప్‌లోడ్ చేసే పద్ధతి ఉంది, దానికి క్లిక్ ఐడీ (ఒక్కో క్లిక్‌కి గూగుల్ ఇచ్చే గుర్తు) దాచుకోవాలి, అప్పుడు ఆటోమేటిక్ బిడ్డింగ్ కి వెళ్లొచ్చు.

బెజవాడ అన్నతో ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. కంపెనీల పేర్లన్నీ నెగెటివ్ లో పెట్టకండి. ఫలానా కంపెనీ ఏసీ రిపేర్ వరంగల్ అని వెతికేవాళ్లలో వారంటీ అయిపోయినవాళ్లు బోలెడు మంది, వాళ్లు మీకు మంచి కస్టమర్లు. కస్టమర్ కేర్, హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ, కంప్లైంట్, వారంటీ, ఇవి మాత్రం ఆపండి. పోలీసులు ఫేక్ కస్టమర్ కేర్ నంబర్ల గురించి పదే పదే హెచ్చరిస్తున్నారు, మీరు నిజాయితీగా ఉన్నా ఆ సెర్చ్‌లో మీ నంబర్ కనిపిస్తే జనం కంపెనీ అనుకునే చేస్తారు. కంపెనీ పేరు, లోగో యాడ్‌లో వాడొద్దు, కంపెనీ సర్వీస్ సెంటర్ లాగా కనిపిస్తే అకౌంట్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. యాడ్ లోనే "హన్మకొండలో మా సొంత షాపు, అన్ని కంపెనీల ఏసీలు, విజిట్ చార్జ్ ఇంత" అని రాసేయండి. ఫ్రీ సర్వీస్ కావాల్సినవాళ్లు అది చదివి నొక్కరు, నొక్కకపోతే మీకు ఖర్చు లేదు.

నెగెటివ్స్ లో ఇంకో తిరకాసు: మామూలు కీవర్డ్ లాగా అవి దగ్గరి మాటలని పట్టుకోవు. జాబ్ అని పెడితే జాబ్స్ ఆగదు, రెండూ పెట్టాలి. "ఉద్యోగాలు" తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి పెట్టాలి.

హోమ్ పేజీకి పంపడం ఆపి ఏసీకి ఒక పేజీ, ఫ్రిజ్‌కి ఒక పేజీ చేయండి, పైనే కాల్ బటన్, రేట్లు, ఏయే కాలనీలకి వస్తారో, మీ షాపు ఫోటో. గూగుల్ మీ యాడ్ నాణ్యతకి ఇచ్చే మార్కులు, అదే క్వాలిటీ స్కోర్, 10 కి లెక్కిస్తారు, అందులో పేజీ ఎలా ఉందన్నది కూడా ఒక భాగం, పేజీ బాగుంటే యాడ్ చోటు కోసం జరిగే వేలంలో అదే చోటు తక్కువ రేటుకే దొరుకుతుంది.

బెజవాడ_పీపీసీ:

కంపెనీ పేర్ల మీద మీరు చెప్పింది పెద్ద బడ్జెట్‌కి సరే మేడమ్, 800 రూపాయల్లో మొదటి నెల నేనైతే అవి ఆపేసే ఉంచుతా. ఎండాకాలంలో ఉత్త "ఏసీ రిపేర్" సెర్చ్‌లకే ఆ డబ్బు చాలదు, ముందు అవి పూర్తిగా పట్టుకోవాలి. ఇంప్రెషన్ షేర్ కాలమ్ (కనిపించగలిగిన సార్లలో మీ యాడ్ ఎంత శాతం కనిపించిందో) చూస్తే బడ్జెట్ లేక ఎన్ని పోతున్నాయో తెలుస్తుంది, అక్కడ ఖాళీ దొరికితే అప్పుడు కంపెనీ పేర్లు తెరవొచ్చు.

బ్రదర్, ఇంకోటి, యాడ్ వస్తుందో లేదో అని మీరే గూగుల్‌లో కొట్టి చూడకండి. నొక్కితే డబ్బు పోతుంది, నొక్కకపోతే మీ క్లిక్ రేటు పడిపోతుంది. యాడ్ ప్రివ్యూ టూల్ అకౌంట్‌లోనే ఉంది, అందులో చూసుకోండి.

ఓరుగల్లు_కూలింగ్:

ఏజెన్సీకి ఈ నెలాఖరుకు బంద్ అని చెప్పిన. నా ఈమెయిల్ మీద అకౌంట్ చేసిన, ఎక్స్‌పర్ట్ మోడ్, ఏసీ ఒక్కటే, ఫ్రేజ్, ఎగ్జాక్ట్, ప్రెజెన్స్, పొద్దున 8 నుంచి రాత్రి 9. రేట్లు యాడ్‌ల పెట్టుడుకు నాన్న మొదలు ఒప్పుకోలే, విజిట్ చార్జ్ వరకు ఒప్పుకుండు. కంపెనీ పేర్లు ప్రస్తుతానికి ఆపిన. మాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఆ 18 శాతం వాపస్ రాదు కదా?

సెర్చ్_మనిషి_హైదరాబాద్:

రాదు. రిజిస్ట్రేషన్ ఉండి, పేమెంట్ ప్రొఫైల్‌లో జీఎస్టీ నంబర్ ఇచ్చినవాళ్లకే ఇన్‌పుట్ క్రెడిట్. మీకది ఖర్చే, కాబట్టి క్లిక్ లిమిట్ వేసేటప్పుడు 18 శాతం కలుపుకుని లెక్క వేయండి. 30 రూపాయల క్లిక్ మీకు 35 పైనే పడుతుంది.

కరీంనగర్_ఇన్వర్టర్:

మ్యాప్స్‌ల బిజినెస్ ప్రొఫైల్ గూడ మంచిగ నింపు తమ్మీ, అది ఫ్రీ. పని అయినంక కస్టమర్ కాడ నిలబడే రివ్యూ లింక్ వాట్సాప్ చెయ్యి, ఇంటికొచ్చినంక పంపితే ఎవ్వడు రాయడు.