ట్రాంపోలిన్‌పై పిల్లలు పక్కకు జరిగిపోతున్నారు

అమలాపురం నుంచి: గురువుగారూ, పది ఎగుర్లలోపే పిల్లలు మధ్య గుర్తు దాటిపోతున్నారు. లోపం బెడ్‌దా (ఎగిరే పట్టాదా), వాళ్లదా?

భీమవరం: అందరూ ఒకేవైపు పోతే బెడ్‌దే. ముందు స్ప్రింగులు చూడండి. మన తీరం ఉప్పుగాలికి కొక్కేల దగ్గరే తుప్పు మొదలవుతుంది. అనుమానమున్నది విప్పి కొత్తదాని పక్కన పెడితే సాగిందో లేదో తేలిపోతుంది. మార్చేటప్పుడు ఎదురువైపుదీ మార్చండి, లేదంటే బిగువు ఒకవైపుకే లాగుతుంది.

నరసాపురం: అన్నగారి మాట సరే గానీ, తలా ఒకవైపు పోతుంటే స్ప్రింగుల జోలికెళ్లకండి. కాళ్లవైపు చూస్తే నడుం వంగి ముందుకు పోతారు. చూపు బెడ్ చివరి అంచు మీద నిలపమనండి. పోటీ బెడ్ 4.28 మీటర్ల పొడవు, 2.14 వెడల్పే, మధ్యనుంచి జరిగితే మార్కులు పోతాయి. పది ఎగుర్లూ మధ్యలోనే దిగేదాకా పిల్లిమొగ్గలు వద్దు.

అమలాపురం నుంచి: తలా ఒకవైపేనండీ.

నరసాపురం: అయితే చూపే!