‘తిరస్కరించారు’ అనాలా, ‘తిప్పి పంపారు’ అనాలా?

ప్రశ్న: కొత్తగా యాప్‌లు తయారుచేస్తున్నవాళ్ల కోసం తెలుగులో ఒక సహాయపత్రం రాస్తున్నానండీ. యాప్ స్టోర్ (గూగుల్ ప్లే, యాపిల్ లాంటివి) నుంచి ‘రిజెక్టెడ్’ అని మెయిల్ వస్తే ఏం చేయాలన్నది అందులో ఒక భాగం. ‘మీ యాప్‌ను తిరస్కరించారు’ అని రాశాను. అది చదివి ఒకరు, ‘అయితే ఇక ఆ యాప్ సంగతి అంతేనా?’ అని అడిగారు. కాదు కదా! చాలాసార్లు చిన్న సవరణ చేసి పంపితే ఆమోదిస్తారు. ఇంతకన్నా సరిపోయే మాట ఉందా? ‘నిరాకరణ’ నాకు రుచించలేదు.

జవాబు: ఆయన అనుమానం సబబే. తిరస్కారం అంటే ఉత్తినే వద్దనడం కాదు, అందులో కొంత చులకన కూడా ఉంది. ‘తిరస్కారంగా చూశాడు’ అంటాం కదా. సంధిని తిరస్కరిస్తే అక్కడితో మాటలు ఆగిపోతాయి. స్టోర్‌వాళ్లు అంత మాట అనడం లేదు, ఫలానా నియమం దగ్గర ఆగింది, చూసుకోండి అంటున్నారు. పూర్వం పత్రికకు పంపిన కథ తిరుగు టపాలో వచ్చేది చూడండి, అలాగన్నమాట. ‘తిప్పి పంపారు’ అనండి, చాలు.

జవాబు: నేను యాప్‌ల పనిలోనే ఉన్నాను. నాకు రిజెక్ట్ కన్నా ‘సస్పెండ్’తోనే ఎక్కువ బెంగ. గూగుల్ ప్లేలో మూడు వేర్వేరు స్థితులున్నాయి, మనం మూడింటినీ కలిపి ‘రిజెక్ట్ చేశారు’ అనేస్తాం.

రిజెక్ట్ అయితే పంపిన కొత్త వెర్షన్ మాత్రమే ఆగుతుంది. అంతకుముందు ఆమోదం పొందిన వెర్షన్ స్టోర్‌లో అలాగే ఉంటుంది, డెవలపర్ ఖాతాకు మచ్చ రాదు. రిమూవ్ అయితే పాతవాటితో సహా యాప్ స్టోర్‌లో కనిపించదు. నియమాలకు తగ్గట్టు సరిచేసిన వెర్షన్ ఆమోదం పొందాక మళ్లీ వస్తుంది. సస్పెండ్ అలా కాదు. అది ఖాతా మీద ఒక స్ట్రైక్‌గా, అంటే నియమం తప్పిన మచ్చగా లెక్క. అప్పీలు నెగ్గకపోతే ఆ ప్యాకేజీ పేరుతో (స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) యాప్ ఇక రాదు, ఇన్‌స్టాల్‌లూ రేటింగ్‌లూ పోయినట్టే.

ఇప్పుడు తెలుగు మాటలు చూడండి. సస్పెండ్ అంటే మన చెవికి తాత్కాలికం. ఉద్యోగి సస్పెండ్ అయితే విచారణ తేలాక తిరిగి రావచ్చు. ‘నిలిపివేశారు’ అన్నా, కొన్నాళ్లాగి మళ్లీ మొదలుపెడతారనే వినిపిస్తుంది. ఏమీ కానిదానికి ‘తిరస్కరించారు’ అని భయపెట్టి, నిజంగా కొంప మునిగేచోట ‘నిలిపివేశారు’ అని జోకొడుతున్నాం. నన్నడిగితే వరసగా తిప్పి పంపారు, తీసేశారు, నిషేధించారు.

జవాబు: ‘నిషేధించారు’ మరీ ఎక్కువేమో? అప్పీలుకు దారి ఉందన్నారుగా.

జవాబు: నిషేధం మీదా అప్పీలు చేసుకోవచ్చండీ. మాట పదును తగ్గిస్తే చదివేవాళ్లు తీరిగ్గా కూర్చుంటారు.

జవాబు: చిన్న పిడకల వేట: సంస్కృతంలో ‘తిరస్కరిణి’ అంటే తెర. కనబడకుండా చేసేది. ఆ లెక్కన తిరస్కరణ అన్న మాట రిమూవ్‌కే బాగా నప్పుతుంది!

జవాబు: ఏ మాట పెట్టినా, మొదటిసారి వచ్చినచోట ‘రిజెక్ట్’ కూడా ఉంచండి. మెయిల్‌లో కనిపించేది అదే, వెతికేదీ దాన్నే. ఇంకొకటి, స్టోర్‌వాళ్లు చేసే రివ్యూనూ, వాడేవాళ్లు రాసే రివ్యూనూ రెంటినీ ‘సమీక్ష’ అనకండి. మొదటిది పరిశీలన, రెండోది అభిప్రాయం. ‘సమీక్షలో ఉంది’ అంటే ఎవరో వ్యాసం రాస్తున్నారేమో అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. యాపిల్ వైపు ‘మెటాడేటా రిజెక్టెడ్’ అని ఒకటుంది. యాప్ బాగానే ఉంటుంది, వర్ణనో స్క్రీన్‌షాట్లో మార్చాలి, కొత్త బిల్డ్ (యాప్‌ను మళ్లీ తయారుచేసిన ఫైలు) అక్కర్లేదు. దానికి ‘వివరాలు సరిచేయమన్నారు’ అని రాస్తున్నాను. మరి రిప్లైకీ అప్పీలుకూ తేడా ఎలా చెప్పను? రెండింటికీ ‘విన్నపం’ అని రాసి ఉంచాను.

జవాబు: విన్నపం వద్దు, దయ చూపమని అడుగుతున్నట్టుంది. లాగిన్ అవ్వలేకపోయామని పరిశీలకులు రాస్తే, డెమో ఖాతా వివరాలిచ్చి ‘బదులు’ రాస్తాం. నియమాన్ని వాళ్లే తప్పుగా అన్వయించారనిపిస్తే ‘అప్పీలు’ చేస్తాం, యాపిల్‌లో అది యాప్ రివ్యూ బోర్డుకు వెళుతుంది. అప్పీలు ఏనాడో తెలుగైపోయింది, దాని జోలికి పోకండి. అన్నట్టు, ‘లోపాలన్నీ సరిచేయకుండా మళ్లీ పంపవద్దు’ అన్న వాక్యం మీ పత్రంలో ఉంటే పైకి తెండి. ‘తిప్పి పంపారు’ అనగానే, ఉన్నదున్నట్టు మనమూ తిప్పి పంపేద్దాం అనుకునేవాళ్లుంటారు.