సూపర్ పవర్ అంటే అసలు ఏంది? రూమ్‌లో రాత్రంతా ఇదే గొడవ

బైరాగిపట్టెడ రూమ్:
అందరికీ నమస్తే. తిరుపతిలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుకుంటా ఉండాను. నిన్న రాత్రి తినేసి వచ్చినాక మా రూమ్మేట్‌కీ నాకూ మొదలైంది, పన్నెండు దాటినా తెగలా. వాడనేది ఏందంటే జనాభాలో మనమే ఫస్ట్, ఎకానమీలో బ్రిటన్‌ని దాటేసినాం, అణుబాంబు ఉండాది, 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగినాం, సూపర్ పవర్ అనడానికి ఇంకేం కావాల అని. నాకెందుకో ఒప్పుకోబుద్ధి కాలా, మరి ఎందుకు కాదో చెప్పరా అంటే మాట రాలా. డబ్బా, మిలిటరీనా, టెక్నాలజీనా, దేన్ని బట్టి అంటారు? గైడ్లో రాసుండే డెఫినిషన్ చదివినా, మనసుకి ఎక్కలా. తెలిసినోళ్లు చెప్పండన్నా.

సోషల్ మాస్టారు, చిత్తూరు:
బాబూ, ముందు ఈ మాట కథ విను. 1944లో విలియం ఫాక్స్ అనే అమెరికా ప్రొఫెసర్ దీన్ని వాడుకలోకి తెచ్చినప్పుడు లెక్కలో మూడు దేశాలుండేవి, అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్. పన్నెండేళ్లు తిరిగేసరికి బ్రిటన్ లెక్కలోంచి పోయింది. 1956 జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువని జాతీయం చేసినాడు, దాంతో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి మీద పడినాయి. యుద్ధంలో ఓడిపోయింది ఏం లేదు, పోర్ట్ సయీద్ పట్టుకున్నాయి కూడా. అయినా డిసెంబర్ దాటకుండానే బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు సర్దుకుని ఇంటికి పోవాల్సొచ్చింది. కారణం ఏందంటే పౌండు పడిపోతా ఉంటే దేశాలకి అప్పులిచ్చే ఐఎంఎఫ్ దగ్గర అప్పు పుట్టకుండా అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అడ్డం నిలబడినాడు. అమెరికా ఒక్క తూటా కాల్చలా. బ్రిటన్ దగ్గర అప్పటికి నాలుగేళ్లుగా అణుబాంబు ఉండాది, అది గుర్తుపెట్టుకో. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు లేచి, బాంబు ఉండి కూడా ఎందుకు భయపడినారు సార్ అని అడిగేవాడు. అప్పిచ్చేవాడి మీద బాంబు వేస్తారా నాయనా అనేవాణ్ణి. మీ రూమ్మేట్‌కి కూడా నా జవాబు అదే.

సూళ్లూరుపేట వాసి:
మాస్టారు చెప్పింది కరెక్టే, అట్లాంటిదే మన మీద జరిగింది ఒకటి చెప్తా. మాది షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం పక్కనే, రాకెట్ ఎగిరితే ముందు మా వంటింట్లో స్టాండులో ఉండే స్టీలు పళ్లేలు మోగుతాయి, ఆ తర్వాత కిటికీలు. 1991లో ఇస్రో రష్యా వాళ్లతో క్రయోజెనిక్ ఇంజన్లకి, అంటే అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజన్లకి ఒప్పందం చేసుకుంది, ఇంజన్లతో పాటు అది తయారుచేసే విద్య కూడా ఇవ్వాలని. 1992లో అమెరికా, క్షిపణి టెక్నాలజీ కిందికి వస్తుందని చెప్పి ఇస్రో మీదా ఆ రష్యా సంస్థ మీదా ఆంక్షలు పెట్టింది, 1993లో రష్యా వెనక్కి తగ్గి ఇంజన్లు ఇస్తాం గానీ విద్య ఇవ్వం అనేసింది. కొనేది మనం, అమ్మేది వాళ్లు, మధ్యలో మూడోవాడు వద్దన్నాడని ఆగిపోయింది. నా దృష్టిలో సూపర్ పవర్ అంటే ఆ మూడోవాడు.

హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా పట్టి ఉంచి మండించాల, మామూలు పని కాదు. 2010లో మన సొంత ఇంజన్‌తో పోయిన జీఎస్ఎల్‌వీ రాకెట్ సముద్రంలో పడింది. 2013 ఆగస్టులో మళ్లీ పెట్టినారు, మేమంతా మిద్దెలెక్కి చూస్తా ఉంటే ఇంకో గంటా పావు ఉందనగా లీకేజీ అని ఆపేసినారు, మా నాయన ఆ పూట అన్నం కూడా సరిగా తినలా. 2014 జనవరి 5, ఆదివారం సాయంత్రం అది పైకి పోయింది చూడండి, పళ్లేలు మోగతా ఉంటే మా నాయన కళ్లమ్మట నీళ్లు. ఇరవై ఏళ్లు పట్టింది. చంద్రయాన్-3ని మోసింది కూడా సొంత క్రయోజెనిక్ ఉండే రాకెట్టే. దీనివల్ల మనం సూపర్ పవర్ అయిపోలా, కానీ ఆ ఒక్క విషయంలో ఇంకెవడూ మనకి వద్దు అని చెప్పలేడు.

పల్ప్ ఎక్స్‌పోర్ట్, చిత్తూరు:
మాది తోతాపురి మామిడి గుజ్జు వ్యాపారం. డ్రమ్ముల్లో నింపి చెన్నై పోర్టు నుంచి గల్ఫ్‌కీ యూరప్‌కీ పంపిస్తాం. కాయ బంగారుపాళ్యంది, తినేది సౌదీలో, బిల్లు మాత్రం డాలర్లలో. సౌదీ వాళ్ల రియాల్ కూడా 1986 నుంచి డాలరుకి 3.75 దగ్గరే కట్టేసి ఉండాది. అందుకే మాస్టారు చెప్పిన పౌండు కథ నాకు బాగా అర్థమైంది.

అయితే ఒకటి, సూపర్ పవర్ అయితే అన్నీ జరుగుతాయనుకోవద్దు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద పడినప్పుడు అమెరికా నేవీ పోయింది, బాంబులేసింది, అయినా మా యూరప్ కంటెయినర్లు నెలల తరబడి ఆఫ్రికా అంతా చుట్టుకునే పోయినాయి. రెండు వారాలు లేటు, కిరాయి పెరిగిపోయింది, ఒక బయ్యర్ ఆ లేటు సాకుతో మా డబ్బు మూడు నెలలు తొక్కిపెట్టినాడు, ఇక్కడ రైతుకి నేను మాట పడాల్సొచ్చింది.

బైరాగిపట్టెడ రూమ్:
అందరికీ థ్యాంక్స్ అన్నా, మాస్టారూ మీకు నమస్కారం. ఇదంతా రూమ్మేట్‌కి చదివి వినిపించినా, క్రయోజెనిక్ దగ్గర వాడు మాట్లాడలా. పల్ప్ అన్నా, రూపాయల్లో బిల్లు వేయడానికి 2022లోనే ఆర్‌బీఐ దారి ఇచ్చింది కదా, మీరు ట్రై చేయలేదా?

పల్ప్ ఎక్స్‌పోర్ట్, చిత్తూరు:
అడిగినా తమ్ముడూ. గల్ఫ్ బయ్యర్‌కి ఫోన్ చేసి రూపాయల్లో ఇస్తావా అంటే, రూపాయలు నేను యాడినుంచి తెచ్చేది, మిగతా దేశాల సరుక్కి నన్ను రూపాయలు అడిగేవాడు ఒక్కడూ లేడు కదా అన్నాడు. ఆ సీజన్ బిల్లు కూడా డాలర్లలోనే వేసినాం.