గూడబాతా, గూడుబాతా?

పోయిన వారం ఇక్కడ ఒక పెలికాన్ పక్షి ఫోటో పెట్టి కింద ‘గూడబాతు, పులికాట్’ అని రాశాను. ఇద్దరు ముగ్గురు అది గూడుబాతు అండీ, నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూళ్లు పెట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది అని దిద్దారు. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, అందుకే విడిగా రాస్తున్నా.

కోయిలలాంటి కొన్నింటిని పక్కన పెడితే గూడు కట్టని పక్షి ఏది? నేలపట్టులో అవే చెట్ల మీద నత్తగుల్ల కొంగలూ నీటికాకులూ కూడా గూళ్లు పెడతాయి, మరి వాటికి రాని పేరు దీనికే ఎందుకు వచ్చినట్టు? పైగా ‘గూడు’ ఇంకో మాట ముందు చేరితే మామూలుగా ‘గూటి’ అవుతుంది. గూటి పడవ అంటాం కదా. ఇక్కడున్నది గూడు కాదు, గూడ. కాలవలో నీళ్లు కిందుండి పొలం పైనున్నప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను ఊపుగా నీళ్లలో ముంచి పైకి ఎత్తిపోసేవాళ్లు, ఆ బుట్ట పేరు గూడ. మా తాతయ్య గూడ వేసిన మనిషి. మోటార్లు వచ్చాక బుట్ట పోయింది, దాంతో మాటా పోయింది, ఇప్పుడు వినేవాళ్లకి గూడు అనిపించడంలో వింత లేదు.

నాకు ఇది నిఘంటువులో కంటే కెమెరాలో బాగా అర్థమైంది. డిసెంబరులో తెల్లవారుజామున సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, పులికాట్ సరస్సు మధ్యలో బండి ఆపుకుని కూర్చున్నా. పొగమంచు విడిచాక వరుసగా పది పన్నెండు ఫ్రేములు దొరికాయి. పక్షి ముక్కు తెరిచి నీళ్లలో ముంచుతుంది, కింది దవడకున్న తోలుసంచి ఉబ్బి బుట్టలా అవుతుంది. కొంగలాగా చేపను ఒడుపుగా పట్టుకోవడం కాదు, నీళ్లతో సహా తోడేస్తుంది. తల ఎత్తగానే మింగదు, ముక్కును రొమ్ముకేసి వంచి నీళ్లన్నీ పక్కల నుంచి కార్చేసి అప్పుడు గుటుక్కుమనిపిస్తుంది. నీళ్లు కారే ఆ ఫ్రేము చూస్తే గూడ వేయడమే గుర్తొచ్చింది నాకు. ఈ పేరు పెట్టినవాడు పక్షినీ చూశాడు, పొలంలో చెమటోడ్చి నీళ్లూ తోడాడు.

కింద వ్యాఖ్యల్లో అడిగినవీ, నా జవాబులూ:

– మీ వివరణ బాగుందండీ, కానీ ‘గూడుబండి’ మాటేమిటి? అక్కడ గూటి బండి అనం కదా. కాబట్టి గూడుబాతు వ్యాకరణానికి తప్పు అనలేం.

– నిజమే, గూడుబండి నాకు తట్టలేదు. వ్యాకరణం ఒక్కటే పట్టుకుని కొట్టిపారేయకూడదు, ఒప్పుకుంటున్నా. అయినా అక్కడ బండికి పైన కప్పుగా గూడు ఉంది, ఈ పక్షి మీద అలాంటిదేమీ లేదు. దాని గొంతు కింద ఉన్నది తోడే బుట్ట. అర్థం వైపు నుంచి చూస్తే నాకు గూడ తప్ప ఇంకోటి కుదరట్లేదు.

– కొందరు గూడకొంగ అంటారు. బాతా, కొంగా? ఏది సరి?

– రెండు పేర్లూ ఉన్నాయండీ, రెండింటికీ కారణముంది. ఈదుతుంది, కాలివేళ్ల మధ్య పొర ఉంటుంది, అందుకని బాతు. కాకపోతే బాతుకు ముందు మూడు వేళ్లకే పొర, దీనికి నాలుగింటినీ కలుపుతుంది. చుట్టరికం అడిగితే మాత్రం కొంగే దగ్గర. డీఎన్ఏ పరిశోధనల తర్వాత శాస్త్రజ్ఞులు కొంగల కుటుంబాన్ని తెచ్చి పెలికాన్లున్న క్రమంలోనే (ఆర్డర్, అంటే దగ్గరి కుటుంబాలను కలిపిన పెద్ద వర్గం) కలిపారు. గూడకొంగ అన్నవాళ్లు ఆ పరీక్షలేవీ లేకుండానే ఆ మాట అన్నారు, నాకు భలే సంతోషం వేసింది ఇది తెలిసినప్పుడు.

ఇంకో మాట, పనిలో పనిగా. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో తీసిన పక్షుల ఫోటోల కింద ‘సైబీరియా పక్షులు’ అని రాస్తుంటారు. అక్కడ గూళ్లు పెట్టే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశంలోనే బతికేవి, చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఆ ఊరికి చేరతాయి. విదేశాల నుంచి వచ్చే బాతులు, ఉల్లంకులు వేరే. దయచేసి ఆ పేరు వీటికి పెట్టకండి.

ఎవరింట్లోనైనా అటక మీద పాత గూడ ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా? తాళ్లు లేకపోయినా పర్లేదు. నా ఫ్రేము పక్కన పెట్టి చూపిస్తాను.