1960ల నాటి సిమెంట్ బడి భవనం: కూల్చేముందు ఏం చూడాలి? (గుంటూరు)

బ్రాడీపేట_పాతవిద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను చదువుకున్న హైస్కూల్లో పాత బ్లాకు పడగొట్టి కొత్తది కట్టాలని కమిటీ వాళ్లు అనుకుంటున్నారు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చందాల మాట కూడా మొదలైంది. బడి పేరు ఇక్కడ రాయను, ఎవరినీ ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు.

ఆ బ్లాకు 1960 ప్రాంతంలో కట్టింది. తోరణాలూ గోపురాలూ ఏమీ ఉండవు. పొడవుగా రెండంతస్తులు, ముందు ఆ చివర నుంచి ఈ చివరి దాకా వరండా, సన్నటి గుండ్రటి స్తంభాలు, పడమటి గోడ మొత్తం సిమెంట్ జాలీలు, కిటికీల మీద వెడల్పు సన్‌షేడ్లు, పైన వరసగా వెంటిలేటర్లు, కింద మొజాయిక్ నేల. మెట్ల దగ్గర రెండంతస్తుల ఎత్తున జాలీ గోడ ఉంటుంది, సాయంత్రం ఎండ అందులోంచి పడితే మెట్ల నిండా గళ్లు గళ్లుగా నీడలు. మే నెలలో స్పెషల్ క్లాసులు పెట్టినా ఆ గదుల్లో కూర్చోగలిగేవాళ్లం.

ఇప్పుడు చూపిస్తున్న కొత్త ప్లాన్‌లో ముందంతా గాజు, ఏసీపీ షీట్లు (అల్యూమినియం పలకలు), వరండా లేదు, మధ్యలో చీకటి కారిడార్. పాతదానికి స్లాబ్ పెచ్చులు ఊడుతున్నాయి, వానాకాలం ఒకటి రెండు గదులు కారుతున్నాయి, అది నిజమే. కానీ "పాత సిమెంట్ బిల్డింగే కదా, అందులో ఏముంది" అని తేల్చేయడం నాకు మింగుడుపడటం లేదు. ఇలాంటివాటికి హెరిటేజ్ చట్టం ఏమైనా వర్తిస్తుందా? అసలు గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మీటింగులో ఏం అడగాలి?

గుంటూరు_సైట్_ఇంజినీర్:

ముందు రెండో ప్రశ్నకు చెప్తాను, అది తేలకుండా మిగతావి మాట్లాడి లాభం లేదు.

పెచ్చులు ఊడాయంటే భవనం చచ్చిపోయిందని కాదు, బాగుందనీ కాదు. కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, అది ఉన్నంతకాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది కమ్మీ దాకా చేరి, పైనుంచి నీళ్లు కూడా దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కవర్‌ను, అంటే కమ్మీని కప్పి ఉంచే కాంక్రీటు పొరను తోసేస్తుంది, మీకు కనపడే పెచ్చులు అవే. ఆ రోజుల్లో కవర్ కూడా చాలాచోట్ల తక్కువే వేశారు.

ఇది ఎంత లోతు వెళ్లిందో చూడటం కష్టం కాదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్‌కి వాడే ఫినాఫ్తలీన్ ఉంటుంది కదా, అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఆ ద్రావణం చల్లితే క్షారం మిగిలిన భాగం గులాబీ రంగుకి మారుతుంది, పోయిన భాగం అలాగే ఉంటుంది. కమ్మీ చుట్టూ గులాబీ రంగు వస్తే మంచి కబురు. దీంతోపాటు రీబౌండ్ హ్యామర్ (సుత్తిలాంటి పరికరంతో కొట్టి గట్టిదనం చూడటం), అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ (ధ్వని తరంగాలు పంపి లోపలి నాణ్యత చూడటం), నాలుగైదు చోట్ల కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క తీసి ల్యాబ్‌లో బలం చూడటం, కమ్మీ ఎంత మందం మిగిలిందో కొలవడం, ఇవన్నీ చేయించాలి. హ్యామర్ ఒక్కటే కొట్టి రిపోర్ట్ ఇస్తామంటే ఒప్పుకోకండి, అది పైపొర గట్టిదనమే చెప్తుంది, పాత కాంక్రీటులో పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపిస్తుంది.

ఇంకోటి, టెర్రస్ ఎక్కి చూడండి. కారుతోందని ఎప్పటికప్పుడు పాత పొర తియ్యకుండా దానిమీదే ఇంకో పొర వేసుకుంటూ పోతారు, దాంతో స్లాబ్ మీద బరువు పెరిగిపోతుంది. తర్వాత ఎవరో దాతలు ఇచ్చిన నీళ్ల ట్యాంకులు. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్కలు. నేను చూసిన పాత బళ్లలో సగం జబ్బు పైకప్పు మీదే మొదలైంది.

పట్టాభిపురం_అమ్మ:

నేను వేరే మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మా బాబు కూడా పాత భవనంలోనే చదువుతున్నాడు, అది వేరే బడి. కిందటేడు వాడి క్లాసులో ఫ్యాన్ పక్కన పెచ్చు ఊడి బెంచీ మీద పడింది, అప్పుడు అందరూ ప్రేయర్‌లో ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి వాన పడితే నాకు టెన్షన్. జాలీలు, నీడలు అందంగా ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ టెస్టులు, రిపోర్టులు, మీటింగులు అని నెలలు గడుస్తుంటే ఆ గదుల్లో కూర్చునేది పిల్లలే కదండీ. ఉంచుతారో కూల్చుతారో మీ ఇష్టం, తేలేదాకా పిల్లల్ని మాత్రం అందులో కూర్చోబెట్టొద్దని ముందు రాయించండి.

గుంటూరు_సైట్_ఇంజినీర్:

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేను మొదట రాయాల్సిన మాట అదే. పెచ్చులు ఊడే గదులకు ఈ రోజే తాళం వెయ్యాలి, కమ్మీ బయటపడిన చోట స్లాబ్ కింద ఆసరాగా జాకీలు పెట్టాలి. టెస్టులకు నెలలు అక్కర్లేదు, ఇలాంటి బ్లాకుకి కొద్ది వారాలు చాలు. వేసవి సెలవుల్లో పెట్టుకుంటే బడి నడకకూ అడ్డం రాదు.

కృష్ణలంక_నుంచి_కొలంబస్:

మాది విజయవాడ. ఉద్యోగం అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో. జనాభా సుమారు 50 వేలు, అంటే మన తెనాలి కంటే బాగా చిన్నది. అయినా ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచీ ఇక్కడికి వచ్చి చూసేవాటిలో బడి భవనాలు కూడా ఉంటాయి, అదీ మీరు చెప్పిన కాలానివే.

దీని వెనక కథ మీ మీటింగుకి పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ పిల్లల సంఖ్య పెరిగింది, బళ్లు త్వరత్వరగా కట్టాల్సి వచ్చింది. కమిన్స్ ఇంజిన్ల కంపెనీని నడిపిన జె. ఇర్విన్ మిల్లర్ అప్పుడు ఒక మాట ఇచ్చారు. మేం ఇచ్చే పేర్ల జాబితాలోంచి మంచి ఆర్కిటెక్టుని మీరే ఎంచుకోండి, అతని ఫీజు మా ఫౌండేషన్ కడుతుంది అని. కట్టుబడి ఖర్చు మాత్రం ఊరిదే. అలా వచ్చిన మొదటిది 1957లో హ్యారీ వీజ్ గీసిన ష్మిట్ ఎలిమెంటరీ స్కూల్. 1960లో జాన్ కార్ల్ వార్నెకే మెక్‌డొవెల్ స్కూల్, 1967లో గన్నర్ బర్కెట్స్ లింకన్ స్కూల్, మధ్యలో ఇంకా కొన్ని. మెక్‌డొవెల్ చాలా సాదా కట్టడం. పెద్ద బిల్డింగు ఒకటి నిలబెట్టకుండా తరగతి గదుల్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసి మధ్యలో చెట్లు, ఖాళీ జాగాలు వదిలారు. ఎలిమెంటరీ స్కూల్‌గా దాని అవసరం తీరాక కూల్చలేదు, పెద్దవాళ్లు చదువుకునే కేంద్రంగా మార్చారు. 2001లో దాన్ని నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్‌గా, అంటే జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు, అప్పటికి దాని వయసు 41 ఏళ్లే.

నన్ను ఆపి ఆలోచింపజేసింది ఏంటంటే, డబ్బున్న దాత డబ్బు ఎక్కడ పెట్టాడన్నది. గేటు మీద పేరు కోసం పెట్టలేదు, ఆలోచించి గీసే మనిషికి పెట్టాడు. మీ పూర్వ విద్యార్థుల చందాలో మొదటి భాగం టెస్టులకీ, పాత భవనాలు తెలిసిన ఒక ఆర్కిటెక్టుకీ ఇమ్మని అడగండి అన్నా. కూల్చాలని తేలినా ఆ డబ్బు వృథా పోదు, కొత్తదానికీ బుర్ర పెట్టే మనిషి కావాలి కదా.

పాతకట్టడాలు_బెజవాడ:

చట్టం గురించి అడిగారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కట్టడానికి కనీసం 100 ఏళ్లు నిండాలంటుంది. కాంక్రీటు భవనాలు ఈ మధ్యలోనే చిక్కుకుపోతాయి, వారసత్వం అనడానికి చిన్నవి, వాడకానికి పాతవి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్ డిజైన్ చేసిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే కాంక్రీటు ఎగ్జిబిషన్ హాలు 1972లో కట్టింది, 60 ఏళ్లు నిండలేదన్న కారణంతో వారసత్వ జాబితాలో చేర్చలేదు, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టారు. అదే అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ డిజైన్ చేసిన హాస్టళ్లను కూల్చుతామని 2020 డిసెంబర్‌లో ప్రకటిస్తే దేశవిదేశాల నుంచి అంతమంది రాశారు కాబట్టి 2021 జనవరి మొదట్లోనే వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఆ మాట మళ్లీ లేచింది, అది వేరే సంగతి. మనకి ఉన్న బలం మాట్లాడటమే.

ఆ కాలాన్ని కూడా కమిటీకి గుర్తుచెయ్యండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, హైకోర్టు గుంటూరులో పెట్టారు, విజయవాడ లయోలా కాలేజీ 1953లోనే పుట్టింది, 1955లో నాగార్జునసాగర్ శంకుస్థాపన, 1957లో ప్రకాశం బ్యారేజీ. మన పెద్దవాళ్లు కాంక్రీటుతో కొత్త రాష్ట్రం కడుతున్న రోజులవి, చందాలు పోగేసి బళ్లు కూడా అదే నమ్మకంతో కట్టుకున్నారు. రాజుల కోటల్ని చూసుకున్నంత శ్రద్ధ వీటి మీదా ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే మన తాతలూ అమ్మమ్మలూ నిజంగా చదువుకున్నది వీటిలోనే.

ఇక ఆ జాలీలు సోకు కోసం పెట్టినవి కావు. గుంటూరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కాబట్టి దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే దాదాపు రెండున్నర అడుగుల నీడ పడుతుంది. పడమటి ఎండ అలా కాదు, సాయంత్రం అడ్డంగా వస్తుంది, సన్‌షేడ్ కిందనుంచి నేరుగా లోపలికి దూరుతుంది. దాన్ని ఆపేది నిలువు పలకలూ జాలీలే, గాలి మాత్రం ఆడుతుంది. వరండా గోడకి ఎండ తగలనివ్వదు, పై వెంటిలేటర్లు వేడిగాలిని బయటికి పంపుతాయి. ఈ పనంతా కరెంటు లేకుండా జరుగుతుంది. కొత్త ప్లాన్‌లో గాజు ఏ దిక్కుకి ఉందో చూశారా? పడమరకైతే ఏసీ లేకుండా మే నెలలో ఆ గదిలో పిల్లలు కూర్చోలేరు. ఏసీలు ఎన్ని, నెలకి కరెంటు బిల్లు ఎంత, ఎవరు కడతారు అని మీటింగులో అడగండి.

బ్రాడీపేట_పాతవిద్యార్థి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కొత్త ప్లాన్ మళ్లీ చూశాను, గాజు పడమరకే ఉంది. పట్టాభిపురం మేడమ్ మాట ముందు పెట్టి హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడాను, పై అంతస్తులో రెండు గదులు ఖాళీ చేయించారు. ఇంజినీర్ గారూ, టెస్టుల్లో ఫర్వాలేదని వస్తే రిపేరు నిజంగా నిలబడుతుందా? ఇంతకుముందు చేయించారు, ఏడాది తిరక్కుండా మళ్లీ ఊడింది.

గుంటూరు_సైట్_ఇంజినీర్:

ఊడిన చోట సిమెంట్ పూసి రంగు వేసి ఉంటారు. కింద తుప్పు అలాగే ఉంటే ఊడక ఏమవుతుంది? పద్ధతి ఇదీ: వదులైన కాంక్రీటు మొత్తం కమ్మీ వెనక దాకా చెక్కాలి, తుప్పు గీకి కమ్మీ మెరిసేదాకా శుభ్రం చెయ్యాలి, మందం బాగా తగ్గిన చోట కొత్త కమ్మీ జతచెయ్యాలి, తుప్పు ఆపే కోటింగ్ వేసి అప్పుడు పాలిమర్ మోర్టార్ లేదా మైక్రో కాంక్రీట్ (రిపేరు కోసం వాడే ప్రత్యేక మిశ్రమాలు) నింపాలి. వీటన్నిటికంటే ముందు పైన నీళ్లు ఆపాలి, టెర్రస్ మీద పాత పొరలన్నీ తీసేసి సరైన వాలుతో ఒక్కటే వాటర్‌ప్రూఫింగ్, దానిమీద తెల్లటి చలువ పెయింట్. మన ప్రాంతం భూకంప జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ముప్పు ఉన్న చోట ఉంది, కాబట్టి ఆ సన్నటి స్తంభాలకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కమ్మీ, కాంక్రీటు తొడుగు) కావాలా అని కూడా స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత లెక్క వేయించండి. కోర్ టెస్టులో బలం మరీ తక్కువ వచ్చి, స్లాబుల్లో కమ్మీ సగం తినేసి ఉంటే నేనే కూల్చమంటాను, అప్పుడు మొహమాటం వద్దు.

పాతకట్టడాలు_బెజవాడ:

ఏది తేలినా ముందు కొలతలతో డ్రాయింగులు తీయించండి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, పాత కట్టడాలు కొలిచి గీయడం ఆర్కిటెక్చర్ పిల్లలకు చదువులో భాగమే, ఒక ఉత్తరం రాసి అడగండి. జాలీ అచ్చు కొలత, మొజాయిక్ రంగులు, మెట్ల రెయిలింగ్, అన్నీ ఫొటోలు తీసి పెట్టండి. మీ సీనియర్లలో ఎవరి దగ్గరైనా ప్రారంభోత్సవం ఫొటో గానీ పాత బ్లూప్రింట్ గానీ ఉందేమో గ్రూపులో అడగండి, మేస్త్రీ ఎవరో గుర్తున్నవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.