సమస్య: "పిండి లేక కుడుము వండె నతివ"

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇది. విషయం హక్కావారి నియాంగ్ దౌఫు, అంటే మాంసం కూరిన టోఫు (సోయాపాలు విరిచి చేసే పనీర్ లాంటి గడ్డ). చైనాలో ఉత్తరాది మైదానాలు వదిలి దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ కొండల్లో స్థిరపడ్డ హక్కాలు, కుడుములకు గోధుమపిండి దొరక్క టోఫులోనే ముద్ద కూరారని చెప్పుకుంటారు. మన బండ్ల మీది హక్కా నూడుల్స్‌కు పేరిచ్చింది కలకత్తా హక్కాలు. ఆ నూడుల్స్ వేరు, ఈ వంట వేరు. పూరణలో వంట తప్పితే పద్యమూ తప్పినట్టే.

గరిటె:
గోధుమలను వీడి కొండనేలకు వచ్చి
సోయగడ్డ కోసి చొరవతోడ
మాంసమందు నుంచి మంటపై వేయించి
పిండి లేక కుడుము వండె నతివ

చింతచిగురు: అన్నయ్యా, మొదటి పాదానికి దండం. వలస కథంతా అందులోనే ఉంది. రెండో పాదంలో "చొరవతోడ" ఉత్త పూరకం. పైగా "కోసి" అంటే చాకు అడుగుదాకా దిగిపోతుంది. 4 సెంటీమీటర్ల ముక్కలో చిన్న చెంచాతో గుంట తొలవాలి. చుట్టూ, అడుగునా అర సెంటీమీటరు గోడ మిగలాలి. "సోయగడ్డ తొలిచి చుట్టు నిలిపి" అనండి, గోడ నిలుస్తుంది, గణమూ నిలుస్తుంది. తొలిచిన తురుమును నీరు పోయేలా పిండేసి మాంసంలోనే కలిపేయాలి.

గరిటె: సవరణ తీసుకున్నాను తల్లీ. టోఫు గట్టిదై ఉండాలి, సిల్కెన్ అనే మెత్తటి రకం చెంచా తగలగానే చిట్లుతుంది. 15 నిమిషాలు వేడి ఉప్పునీళ్ళలో ఉంచి, తీసి తడి అద్దితే అంచులు బిగుస్తాయి, నూనె కూడా తక్కువ చిమ్ముతుంది.

చింతచిగురు: నా పూరణ.
గంటులోన పొడిని కాస్త చల్లక యుంచి
మాంసముద్ద జారి మడుగులోన
తేలుచుండ జూచి తెల్లబోయిన దత్త
పిండి లేక కుడుము వండె నతివ

నిర్వాహకుడు: భలే విరుపమ్మా! మేమంతా గోధుమ దగ్గరే ఆగితే మీరు కార్న్‌ఫ్లోర్ పట్టుకొచ్చారు. ఉడికేకొద్దీ మాంసం ముడుచుకుంటుంది, టోఫు నీరు వదులుతుంది. మధ్యన పొడి పొర లేకపోతే ముద్ద ఊడి వస్తుంది. చిటికెడు చల్లి వేలితో పులమాలి, అంతే. "మడుగు" మాట మాత్రం ఎక్కువైంది. దీనికి అరకప్పు పులుసు చాలు.

పొయ్యిరాయి:
ఎండురొయ్య నాననిచ్చి సన్నగ తరిగి
పందిమాంసమందు పావు చేప
కలిపి యొక్కవైపె కడు జిగురెక్కగా
పిండి లేక కుడుము వండె నతివ

గరిటె: బావా, మొదటి పాదం తోక చూసుకో. "న్నగ తరిగి" ఐదు లఘువులు, ఏ గణమది? "సన్నగ గోసి" అంటే పోయేది. పోయిన వారం నా ఎండు ఆవకూర పూరణలో యతి కోసం రెండు రోజులు తగువాడిన మనిషివి!

పొయ్యిరాయి: "గోసి" సరే, దిద్దుకుంటాను. నీ ఆవకూర పద్యంలో యతి సంగతి అటుంచి, కూరను "ఒక్క నీట కడిగి" మాంసం మీద పరిచావు. ఎండు ఆవకూర మడతల్లో ఇసుక ఉంటుంది, ఉప్పు సరేసరి. నానబెట్టి 3, 4 నీళ్ళు మార్చందే పళ్ళకింద కరకరలాడుతుంది. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

చింతచిగురు: ఆవకూర ఇంకో రోజు చూద్దాం మాస్టారూ. మూడో పాదం నాకు బాగా నచ్చింది. కొలతలు చెప్పరూ?

పొయ్యిరాయి: 200 గ్రాముల ఖైమా, అందులో మూడో వంతుకు కాస్త తక్కువ కొవ్వు. 50 గ్రాముల చేప ముద్ద, చెంచాడు ఎండురొయ్య. ఉప్పు ముందే వేసి, 2 చెంచాల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ 5 నిమిషాలు ఒకే వైపు తిప్పాలి. ముద్ద గిన్నెను వదలకుండా దారాల్లా సాగితే అయినట్టు. అప్పుడు ముద్దలోకి పిండి అక్కర్లేదు. అందుకే "పిండి లేక" అన్నాను.

నిర్వాహకుడు: ముద్దకు అక్కర్లేదు, గుంటకు కావాలి. మీ ఇద్దరి పద్యాలూ నిలిచాయి. గరిటెగారి మూడో పాదం "వేయించి" దగ్గరే ఆగిపోయింది, అక్కడ నాకు అసంతృప్తి. మాంసం వైపు కిందికి పెట్టి, మధ్యస్థం మంట మీద 3, 4 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తొందరపడి తిప్పితే పెనానికి అంటుకుని చిరుగుతుంది. తరవాత పులుసు పోసి, మూతపెట్టి సన్నమంట మీద 10 నిమిషాలు. తెర్లనిస్తే టోఫు బొక్కలు పడి బిరుసెక్కుతుంది. ఆ మగ్గడం ఒక్క మాటలో పట్టే పాదం ఎవరిస్తారు? యతి "మా"కి కుదరాలి.