చెంచా మీది గుర్తు నక్షత్రమా, పువ్వా?

ప్రశ్న: ఎడిన్‌బరోలో పాత సామాను అమ్మేచోట కొన్న వెండి చెంచా కాడ మీద, పైన రెండు, కింద ఒకటి చొప్పున అయిదేసి కొనలున్న మూడు గుర్తులతో ఒక డాలు చెక్కి ఉంది. గుర్తులు అరిగిపోయాయి. ఇది ఏ వంశానిదో తెలుసుకునే మార్గం చెప్పగలరా?

సమాధానం: స్కాట్లండ్‌లో ఈ చిక్కు సహజమే. మర్రే వంశానికి నీలి డాలు మీద మూడు తెల్లని నక్షత్రాలు, ఫ్రేజర్ వంశానికి అదే నీలి డాలు మీద మూడు తెల్లని అయిదురెక్కల పూలు ఉంటాయి; అరిగిన వెండి మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ పువ్వు స్ట్రాబెర్రీది. ఫ్రెంచిలో ఆ పండును ‘ఫ్రేజ్’ అంటారు కనుక, ఇంటిపేరు మీద ఆడిన శ్లేష అన్నమాట. నడుమ చిల్లు ఉన్నంత మాత్రాన పువ్వనుకోకండి. ‘ములెట్’ అనే నక్షత్రాన్ని రౌతు మడమకు కట్టుకునే ముళ్లచక్రంగా కూడా చూస్తారు కనుక, దానికీ చిల్లు ఉండవచ్చు. టార్చిని చెంచాకు ఆనినట్టు ఏటవాలుగా పట్టి, భూతద్దంతో అంచులు చూడండి: తిన్నని గీతలు మొనదేలితే నక్షత్రం, గుండ్రంగా తిరిగితే రెక్క. పాలిష్ పొడితో మాత్రం తోమకండి, మిగిలిన గీతలూ పోతాయి. నేపథ్యంలోని సన్నగీతలు రంగును చెబుతాయి: అడ్డగీతలు నీలం, నిలువుగీతలు ఎరుపు, చుక్కలు బంగారం.

ప్రశ్న: అంచులు గుండ్రంగానే ఉన్నాయండీ. కానీ చెంచాను అడ్డంగా పట్టుకుని చూస్తే గీతలు నిలువుగా ఉన్నాయి. ఎర్ర డాలు మీద మూడు పూలంటే హామిల్టన్ వంశమని ఎక్కడో చదివాను.

సమాధానం: చదివింది నిజమే, చూసిన తీరే పొరపాటు. డాలు మొన కిందికి వచ్చేలా చెంచాను నిలబెట్టి చూడండి, ఆ నిలువుగీతలే అడ్డగీతలవుతాయి. పైగా హామిల్టన్ పూలరెక్కల మీద ఎర్మిన్ అనే జంతువు తెల్లని బొచ్చును సూచించే చిన్న నల్లని మచ్చలుంటాయి. అవి లేకపోతే ఫ్రేజర్ వైపే మొగ్గు చూపవచ్చు. అయితే ఫ్రేజర్లలోనే ఒక శాఖ అయిన లోవాట్ ప్రభువుల డాలు నాలుగు గళ్లుగా ఉండి, రెండింట పూలు, రెండింట కిరీటాలు కనిపిస్తాయి కనుక, గళ్లు లేని మీ డాలు వారిది కాకపోవచ్చు. స్కాట్లండ్‌లో డాలు ఇంటిపేరున్న వారందరిదీ కాదు, ఒక్క వ్యక్తిదే. శాఖలవారు చుట్టూ అంచుపట్టీ వంటి భేదం చేర్చుకుంటారు. మీ చెంచా మీద అలాంటి పట్టీ ఉంటే, 1672 నాటి చట్టంతో మొదలైన డాలు గుర్తుల నమోదు పుస్తకంలో వెతికించవచ్చు. అది ఎడిన్‌బరోలోనే, స్కాట్లండ్‌లో ఈ గుర్తుల వ్యవహారాలు చూసే అధికారి అయిన లార్డ్ లయన్ కార్యాలయంలో ఉంది.